ఏటా ఒకసారి.. ఆరోగ్య బీమా బేరీజు

* పాతది వదిలే ముందు కొత్తది చేతికి రావాలి
* విశాఖ విశ్రాంత ఉద్యోగులు, వృద్ధులు గమనించవలసిన అంశాలు

విశాఖపట్నం: ఉక్కు కర్మాగారం, ఓడరేవు, షిప్‌యార్డు, చమురు శుద్ధి కర్మాగారం, నౌకాదళం, రైల్వే.. ఇన్ని కొలువులకు నిలయమైన నగరం కావడంతో విశాఖలో పదవీ విరమణ చేసినవారి వైద్య సదుపాయాలు ఒక్కో ఇంట ఒక్కో తీరుగా ఉంటాయి. గాజువాకలో ఒకే వీధిలో సంస్థ గ్రూప్ పాలసీని నమ్ముకున్నవారు, కేంద్ర ప్రభుత్వ కార్డు ఉన్నవారు, ఈఎస్ఐపై ఆధారపడినవారు, సొంత డబ్బుతో బీమా చేసుకున్నవారు పక్కపక్కనే కనిపిస్తారు. అందువల్ల పొరుగింటివారికి సరిపోయిన సలహా తమకూ సరిపోతుందనుకోవడం ప్రమాదకరం. 'ఉచిత కార్డు వచ్చింది కదా, పాలసీకి డబ్బు కట్టడం దండగ' అన్న మాట ఒక ఇంట నిజం కావచ్చు, మరో ఇంట లక్షల రూపాయల నష్టానికి దారితీయవచ్చు. డెబ్భై ఏళ్ల వయసులో ఒకసారి వదులుకున్న పాలసీ మళ్లీ దొరకడం కష్టం. దొరికినా పాత జబ్బులకు వెంటనే వర్తించదు. కనుక ఏడాదికి ఒకసారైనా, గడువు తేదీకి రెండు నెలల ముందు, కుటుంబమంతా కూర్చొని తమకున్న రక్షణ ఏమిటో బేరీజు వేసుకోవడం అవసరం.

ఏ గొడుగు కింద ఉన్నారు?

ముందుగా తేల్చుకోవలసింది ఇదే. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు సీజీహెచ్ఎస్ వర్తిస్తుంది. దీనికి చందాను ఏటా చెల్లించవచ్చు, లేదా పదేళ్ల మొత్తాన్ని ఒకేసారి చెల్లించి జీవితాంతం కార్డు పొందవచ్చు. ఏటా చెల్లించే పద్ధతి ఎంచుకున్నవారు గడువు మరచిపోతే కార్డు చెల్లకుండా పోతుంది. మాజీ సైనికులకు, నావికులకు 2003లో ప్రారంభమైన ఈసీహెచ్ఎస్ ఉంది. రైల్వేలో విరమణ చేసినవారికి ఆర్ఈఎల్‌హెచ్ఎస్ కింద రైల్వే ఆస్పత్రుల సేవలు అందుతాయి. ఓడరేవు సిబ్బందికి పోర్టు ఆస్పత్రి ఉంది. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకు ఉద్యోగుల ఆరోగ్య పథకం ఈహెచ్ఎస్ వర్తిస్తుంది.

ఆటోనగర్‌లోను, పరిసర పరిశ్రమల్లోను పనిచేసి విరమణ పొందిన కార్మికుల్లో అనేకులకు తెలియని సదుపాయం ఒకటుంది. ఈఎస్ఐ పరిధిలో కనీసం అయిదేళ్లు పనిచేసి, వయోపరిమితి మేరకు విరమణ చేసినవారు నెలకు 10 రూపాయల చొప్పున ఏడాదికి 120 రూపాయలు ముందుగా చెల్లిస్తే దంపతులిద్దరికీ ఈఎస్ఐ వైద్యం అందుతుంది. అయితే ఈ మొత్తాన్ని ఏటా చెల్లించి కొనసాగించుకోవాలి. 120 రూపాయలు కట్టడం మరచిపోయి మల్కాపురం ఈఎస్ఐ ఆస్పత్రికి వెళ్లాక తెలుసుకోవడం కన్నా, ఏటా ఒక తేదీ పెట్టుకొని చెల్లించడం మేలు.

రేషన్ కార్డున్న పేద, మధ్యతరగతి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వ పథకం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకాన్ని 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో అమలు చేస్తున్నారు. చికిత్స పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెంచారు. బీమా కంపెనీలను భాగస్వాములను చేస్తూ కొత్త ఆరోగ్య విధానానికి రాష్ట్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. పథకం స్వరూపం ఇలా మారుతూ ఉంటుంది కనుక, కార్డులో పేర్లు సరిగా ఉన్నాయో లేదో, ఏ ఆస్పత్రికి వెళ్లాలో ఏటా ఒకసారి వార్డు సచివాలయంలో గాని, 104 నంబరులో గాని అడిగి తెలుసుకోవాలి.

70 దాటితే 'వయ వందన'

ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ వర్తించేలా కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డును ప్రారంభించింది. ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స దీని ఉద్దేశం. ఒకే ఇంట 70 దాటిన దంపతులుంటే ఆ 5 లక్షలను ఇద్దరూ కలిపి వాడుకోవాలి, ఒక్కొక్కరికి వేర్వేరుగా రాదు. వయసుకు ఆధార్ కార్డే ప్రమాణం. అందులో పుట్టిన తేదీ తప్పుగా ఉన్నవారు ముందుగా దాన్ని సరిచేయించుకోవాలి. పాత జబ్బులకు వేచి ఉండవలసిన కాలం ఇందులో లేదు. మధుమేహం, రక్తపోటు ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది.

ప్రైవేటు బీమా పాలసీ లేదా ఈఎస్ఐ ఉన్నవారు వాటిని వదులుకోకుండానే ఈ కార్డు తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ వంటి ప్రభుత్వ పథకాల్లో ఉన్నవారి సంగతి వేరు. వారు పాత పథకాన్ని గాని, దీన్ని గాని ఒక్కదాన్నే ఎంచుకోవాలి. ఈ ఎంపికకు ఒకే అవకాశం ఉంటుంది. సీజీహెచ్ఎస్‌లో బయటి రోగులకు సంప్రదింపులు, నెలనెలా మందులు లభిస్తాయి. వయ వందన ప్రధానంగా ఆస్పత్రిలో చేరి పొందే చికిత్సకు ఉద్దేశించినది. ప్రతి నెలా గుండెజబ్బుకో, మధుమేహానికో మందులు వాడే పింఛనుదారు '5 లక్షలు' అన్న అంకె చూసి తొందరపడితే నెలవారీ మందుల సదుపాయాన్ని కోల్పోయే అవకాశం ఉంది. కార్డు వివరాలకు 14555 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

కార్డు చేతిలో ఉండడమొక్కటే చాలదు. నిత్యం వెళ్లే ఆస్పత్రి ఆ పథకంలో చేరి ఉందా, చేరినా తమకు అవసరమయ్యే విభాగానికి అనుమతి ఉందా అన్నది విడివిడిగా అడగాలి. కంటి శస్త్రచికిత్సకు అనుమతి ఉన్న ఆస్పత్రికి గుండె శస్త్రచికిత్సకు లేకపోవచ్చు. ఈ ప్రశ్న ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడగాలి, అంబులెన్సులో కాదు.

గ్రూప్ పాలసీ ఎవరి చేతిలో?

సంస్థలు విశ్రాంత ఉద్యోగుల కోసం తీసుకునే గ్రూప్ పాలసీల ఒప్పందం సాధారణంగా ఏడాది కాలానికే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి బీమా కంపెనీ మారవచ్చు, ప్రీమియంలో ఉద్యోగి వాటా పెరగవచ్చు, ఆస్పత్రుల జాబితా మారవచ్చు. నిరుడు నగదు రహిత చికిత్స ఇచ్చిన ఆస్పత్రి ఈ ఏడు జాబితాలో ఉండాలని లేదు. ఉక్కు సంస్థలో 2025లో స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారితో సహా, గ్రూప్ పాలసీపై ఆధారపడినవారందరూ కొత్త ఏడాది సర్క్యులర్‌ను పూర్తిగా చదివి, చెల్లింపు గడువును, భార్య లేదా భర్త పేరు నమోదును సరిచూసుకోవాలి.

కుమారుడో, కుమార్తెో పనిచేసే కంపెనీ పాలసీలో తల్లిదండ్రుల పేర్లు ఉండడం ఇప్పుడు సర్వసాధారణం. హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉద్యోగం మారిన రోజున ఆ రక్షణ ఆగిపోతుంది. పిల్లల ఉద్యోగంపై ఆధారపడిన పాలసీని అదనపు రక్షణగా చూడాలే తప్ప ఏకైక ఆధారంగా భావించరాదు. గ్రూప్ పాలసీ నుంచి బయటకు రావలసి వస్తే, అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలును బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు కల్పిస్తున్నాయి. అలా మారితే అప్పటివరకు గడిపిన కాలం వృథా కాదు. అయితే కంపెనీ ఆరోగ్య వివరాలు పరిశీలించిన తర్వాతే అంగీకరిస్తుంది కనుక దరఖాస్తు ముందుగా చేయాలి.

రెన్యువల్ నోటీసులో చూడవలసినవి

సొంత పాలసీ ఉన్నవారు ప్రీమియం అంకె ఒక్కటే చూసి చెక్కు రాయడం పరిపాటి. అంతకన్నా ముఖ్యమైనవి మూడున్నాయి.

మొదటిది గది అద్దె పరిమితి. 3 లక్షల పాలసీలో గది అద్దె 1 శాతం, అంటే రోజుకు 3,000 రూపాయలు అని ఉందనుకుందాం. రోగి 6,000 రూపాయల గదిలో చేరితే అద్దెలో తేడా మాత్రమే కాదు, వైద్యుల ఫీజు, ఆపరేషన్ థియేటర్ వంటి అనుబంధ ఖర్చుల్లోనూ సగమే చెల్లిస్తారు. ఆ ఖర్చులు లక్ష రూపాయలైతే 50 వేలు చేతి నుంచి పోతాయి. మందులు, శరీరంలో అమర్చే పరికరాలు, పరీక్షల ఖర్చులకు ఈ కోత వర్తించదు.

రెండోది కో-పే. వృద్ధుల పాలసీల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. 20 శాతం కో-పే ఉంటే 2 లక్షల బిల్లులో 40 వేల రూపాయలు రోగి కట్టాలి.

మూడోది వేచి ఉండే కాలం. 2024 ఏప్రిల్ నుంచి పాత జబ్బులకు ఈ కాలం మూడేళ్లకు మించరాదని ఐఆర్‌డీఏఐ నిర్దేశించింది. పాలసీ ఎడతెగకుండా అయిదేళ్లు సాగితే, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిం తిరస్కరించడానికి వీల్లేదు. ఏళ్ల తరబడి నడిచిన పాలసీకి విలువ ఇక్కడే ఉంది. కొత్తగా తీసుకునే పాలసీలో ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

కంపెనీ మారాలంటే..

ఉన్న కంపెనీ సేవలు నచ్చకపోతే పాలసీని ఆపివేసి కొత్తది కొనడం సరైన మార్గం కాదు. పోర్టబిలిటీ ద్వారా మారితే పాత పాలసీలో గడిపిన కాలాన్ని కొత్త కంపెనీ పరిగణిస్తుంది. ఇందుకు రెన్యువల్ తేదీకి 60 రోజుల కన్నా ముందుగా కాకుండా, 45 రోజుల కన్నా ఆలస్యం కాకుండా దరఖాస్తు చేయాలి. ఉదాహరణకు జులై 31న గడువు ముగిసే పాలసీకి జూన్ 1 నుంచి 16 వరకు అనువైన సమయం. బీమా మొత్తాన్ని 3 లక్షల నుంచి 5 లక్షలకు పెంచుకుంటే పాత కాలం ప్రయోజనం మొదటి 3 లక్షలకే వర్తిస్తుంది. కొత్త కంపెనీ దరఖాస్తును తిరస్కరించే హక్కు కలిగి ఉంటుంది. అందువల్ల కొత్త కంపెనీ రాతపూర్వకంగా అంగీకరించేవరకు పాత పాలసీని వదలరాదు.

గడువు దాటితే వార్షిక ప్రీమియానికి 30 రోజుల అదనపు వ్యవధి ఉంటుంది. ఈ వ్యవధిలో చెల్లిస్తే పాలసీ తెగిపోదు. అయితే ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టేవారికి, కట్టని ఆ రోజుల్లో ఆస్పత్రిలో చేరితే క్లెయిం రాదు. గత ఏడాది క్లెయిం తీసుకున్నారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించడం నిబంధనలకు విరుద్ధం.

ప్రీమియం, పన్ను

60 ఏళ్లు దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచదలిస్తే కంపెనీలు ముందుగా తమను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది. నోటీసులో అంతకు మించిన పెంపు కనిపిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తివేశారు. 30 వేల రూపాయల ప్రీమియంపై అంతకుముందు పడిన 5,400 రూపాయల భారం దీనితో తొలగింది. గ్రూప్ పాలసీలకు ఈ మినహాయింపు లేదు. పాత పన్ను విధానంలో ఆదాయపు పన్ను లెక్క చూపే వృద్ధులకు ఆరోగ్య బీమా ప్రీమియంపై ఏడాదికి 50 వేల రూపాయల వరకు మినహాయింపు ఉంది. ప్రీమియం నగదుగా చెల్లిస్తే ఇది వర్తించదు.

ప్రీమియం భారమనిపించి పాలసీ వదిలేయాలనుకునేవారికి మధ్యేమార్గం కూడా ఉంది. పెద్ద పాలసీకి బదులు చిన్న మూల పాలసీని కొనసాగిస్తూ, దానిపై సూపర్ టాప్-అప్ తీసుకుంటే కొంత తక్కువ ఖర్చుతో ఎక్కువ రక్షణ లభించవచ్చు. అయితే టాప్-అప్‌లోనూ పాత జబ్బులకు వేచి ఉండే కాలం ఉంటుంది.

క్లెయిం తిరస్కరిస్తే..

తిరస్కరణకు కారణాన్ని రాతపూర్వకంగా తీసుకొని, మొదట బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకున్నా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు సంబంధించిన కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలి. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. 50 లక్షల రూపాయల వరకు విలువైన వివాదాలను అక్కడ పరిష్కరిస్తారు.

ఇంట్లో ఒక కాగితం

* ప్రతి పథకం, పాలసీ పేరు, నంబరు, గడువు తేదీ ఒకే కాగితంపై రాసి ఇంట్లో అందరికీ కనిపించేచోట ఉంచాలి.
* గడువుకు 75 రోజుల ముందు: నిరుటి బిల్లులు, వాడుతున్న మందులు, కొత్తగా బయటపడిన జబ్బులు రాసుకోవాలి.
* 60 రోజుల ముందు: ఇంటికి దగ్గరలోని రెండు ఆస్పత్రులకు ఫోన్ చేసి, తమ కార్డు లేదా పాలసీ అక్కడ చెల్లుతుందో అడగాలి.
* 45 రోజుల ముందు: మారాలనుకుంటే దరఖాస్తు పూర్తి చేయాలి.
* 15 రోజుల ముందు: ప్రీమియం చెల్లించి రసీదు భద్రపరచాలి. ఏజెంటుకు నగదు ఇవ్వరాదు.
* భార్యాభర్తల్లో ఒకరికే ఈ వివరాలు తెలిసి ఉండడం మంచిది కాదు. రెండోవారికీ, దూరాన ఉన్న పిల్లలకూ నకలు పంపాలి.

ఆస్పత్రి గుమ్మం దగ్గర పథకాలను పోల్చి చూసే వ్యవధి ఎవరికీ ఉండదు. ఆ పని ఏటా ఒక పూట ఇంట్లోనే పూర్తి చేసుకుంటే, అవసరం వచ్చిన రోజున రోగి బాగోగులు తప్ప మరో ఆలోచన అక్కరలేదు.