పంచాయతీ గ్రాంట్లు: గ్రామాలకు ప్రభుత్వ నిధుల చరిత్ర

ఊళ్లో సిమెంటు రోడ్డు వేయాలన్నా, మురుగు కాలువ తీయాలన్నా, మంచినీళ్ల ట్యాంకు కట్టాలన్నా పంచాయతీ సొంత రాబడి చాలదు. ఇంటి పన్ను, నీటి పన్ను, సంత వేలం పాట కలిపితే వచ్చే డబ్బు పారిశుధ్య కార్మికుల జీతాలకు, వీధి దీపాల కరెంటు బిల్లుకు సరిపోతే గొప్ప. మిగతా పనులన్నిటికీ ప్రభుత్వం ఇచ్చే గ్రాంటే ఆధారం. అప్పులా తిరిగి కట్టనక్కర్లేని ఈ సొమ్ము గ్రామానికి హక్కుగా రావాలా, పై ప్రభుత్వాల ఇష్టాన్ని బట్టి రావాలా? వచ్చాక దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో ఎవరు తేల్చాలి? ఈ రెండు ప్రశ్నల చుట్టూ జరిగిన పెనుగులాటే పంచాయతీ గ్రాంట్ల చరిత్ర. దానికి నూట యాభై ఏళ్లు దాటాయి.

1870లో గవర్నర్ జనరల్ లార్డ్ మేయో చదువు, వైద్యం, రోడ్ల వంటి పనుల బరువును స్థానిక నిధుల మీదికి నెట్టాడు. కేంద్ర ఖజానాకు భారం తగ్గించుకోవడమే అందులో ముఖ్యోద్దేశం. మరుసటి ఏడాది మద్రాసు రాజధానిలో స్థానిక నిధుల చట్టం వచ్చింది. రోడ్ల కోసం రైతు భూమిశిస్తుతో పాటు సెస్సు కట్టేవాడు. 1882 మే 18న లార్డ్ రిప్పన్ తీర్మానం స్థానిక సంస్థల్లో ప్రజా ప్రతినిధులు ఉండాలని చెప్పింది. దాని వెంట 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చి జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియన్లు ఏర్పడ్డాయి. నేటి ఆంధ్ర ప్రాంతంలోని పాత రోడ్లు, సత్రాలు, బడులు, ఆస్పత్రులు ఎన్నో ఆ బోర్డుల కాలం నాటివే. అయితే పెత్తనం చాలాకాలం కలెక్టరు చేతిలోనే ఉండిపోయింది. 1920లో మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం వచ్చినా, అప్పగించిన పని కొండంత, చేతిలో పెట్టిన డబ్బు గోరంత.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం గ్రామ పంచాయతీలను 40వ అధికరణలో, అంటే ఆదేశిక సూత్రాల్లో పెట్టింది. అమలు చేయకపోతే కోర్టుకు వెళ్లే వీలు లేని చోటది. ఊళ్లకు డబ్బు మాత్రం వేరే దారిలో చేరింది. 1952 అక్టోబరు 2న దేశంలో 55 చోట్ల సమాజ వికాస పథకం మొదలైంది. తరువాత దేశమంతా బ్లాకులుగా విడిపోయింది. తొలి దశ ఐదేళ్లకు బ్లాకుకు 12 లక్షల రూపాయలు, రెండో దశకు 5 లక్షలు కేటాయించారు. పని ఏది, ఎంత, ఎప్పుడు అన్నది ముందే రాసి ఉన్న బడ్జెట్ అది. బ్లాకు అభివృద్ధి అధికారి (బి.డి.ఓ.) జీపు వచ్చి ఆగేది, గ్రామసేవకుడు వచ్చి చెప్పేవాడు, ఊరు వినేది. 1957 జనవరిలో ఏర్పాటైన బల్వంతరాయ్ మెహతా కమిటీ ఆ ఏడాది నవంబరులోనే నివేదిక ఇచ్చి, ఈ పథకం ప్రజల్లో చొరవ పుట్టించలేకపోయిందని తేల్చింది. ఎన్నికైన సంస్థలకు అధికారం, నిధులు రెండూ అప్పగించాలని చెప్పింది.

ఆ మాట విని ముందుగా అడుగు వేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ పంచాయతీ రాజ్‌ను ప్రారంభించగా, అదే ఏడాది మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ వంతు వచ్చింది. పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం కింద బ్లాకు నిధులు సమితి చేతికి వచ్చాయి. బడి గది, బావి, గ్రామ రోడ్డు సమితి అధ్యక్షుడి మాట మీద మంజూరయ్యేవి. ఆ కాలంలో సమితి అధ్యక్షుడి పలుకుబడి ఎంతటిదో పాత తరం ఇంకా చెప్పుకుంటుంది. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1960ల చివరికే శాఖల వారీ పథకాలు సమితిని పక్కన పెట్టి నేరుగా అధికారుల ద్వారా నడవడం మొదలైంది. ఎన్నికలు వాయిదా పడుతూ వచ్చాయి. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సమితులను తీసేసి మండలాలను తెచ్చింది. ఆఫీసు ప్రజలకు దగ్గరైంది గాని నిధుల మీద పట్టు రాష్ట్ర రాజధానిలోనే ఉండిపోయింది.

1989లో పంచాయతీల కోసం రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన 64వ రాజ్యాంగ సవరణ బిల్లు రాజ్యసభలో వీగిపోయింది. ఆ పనిని పి.వి. నరసింహారావు ప్రభుత్వం పూర్తి చేసింది. 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పట్టణాలకు సంబంధించిన 74వ సవరణ ఆ జూన్ 1న వచ్చింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు, రిజర్వేషన్లు, పదకొండో షెడ్యూలులోని 29 అంశాల గురించి అందరూ మాట్లాడతారు. నిధుల పరంగా అంతకన్నా ముఖ్యమైనవి రెండు ఏర్పాట్లు. ప్రతి రాష్ట్రం ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేయాలి. కేంద్ర ఆర్థిక సంఘం కూడా స్థానిక సంస్థల వనరులను పెంచే మార్గాలు సూచించాలి. పంచాయతీకి వచ్చే డబ్బు రాజ్యాంగంలోకి ఎక్కడం అదే మొదలు.

ఆ 1993లోనే, డిసెంబరు 23న, పి.వి. ప్రభుత్వం ఎంపీల నియోజకవర్గ అభివృద్ధి నిధి పథకాన్ని ప్రకటించింది. మొదటి ఏడాది ఎంపీకి 5 లక్షలు, తరువాతి ఏడాది నుంచి కోటి, 1998-99 నుంచి రెండు కోట్లు, 2011-12 నుంచి ఐదు కోట్లు. ఎంపీ సిఫార్సు చేస్తాడు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. సామాజిక భవనాలు, బస్ షెల్టర్లు, బోర్లు ఈ నిధితో చాలానే వచ్చాయి. ఎన్నికైన పంచాయతీ ఉన్న ఊళ్లో ఎంపీ నిధి అవసరమేమిటని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం ప్రశ్నించి, రద్దు చేయాలని సూచించింది. 2010లో సుప్రీంకోర్టు ఈ పథకం రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. పంచాయతీకి హక్కు ఇచ్చిన ప్రభుత్వమే అదే ఏడాది దానికి సమాంతరంగా ఇంకో దారి తెరవడం విచారించదగ్గ విషయమే.

ఇక ఆర్థిక సంఘాల సంగతి. పదో ఆర్థిక సంఘం 1971 జనాభా లెక్కల ప్రకారం గ్రామీణులకు తలకు వంద రూపాయల చొప్పున, మొత్తం 4,381 కోట్లు పంచాయతీలకు ఇవ్వాలంది. అది కూడా నాలుగైదేళ్ల కాలానికి కలిపి. హైదరాబాదీ ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో అధ్యక్షత వహించిన పదకొండో సంఘం ఏడాదికి 1,600 కోట్లు అంది. సి. రంగరాజన్ నాయకత్వంలోని పన్నెండో సంఘం 2005-10 కాలానికి 20,000 కోట్లకు పెంచి, మంచినీరు, పారిశుధ్యం నిర్వహణకు ప్రాధాన్యం ఇవ్వమంది. ఇవన్నీ స్థిరమైన మొత్తాలు. ధరలు పెరిగినా, దేశం పన్నుల రాబడి రెట్టింపైనా పంచాయతీ వాటా కదలదు. విజయ్ కేల్కర్ అధ్యక్షతన పదమూడో సంఘం ఈ పద్ధతి మార్చి, గ్రాంటును కేంద్ర పన్నుల రాబడిలో శాతంగా లెక్కగట్టింది. పని తీరును బట్టి ఇచ్చే గ్రాంటును కూడా చేర్చింది.

పెద్ద మలుపు పద్నాలుగో సంఘంతో వచ్చింది. దాని అధ్యక్షుడు కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి, రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు. 2015-20కి స్థానిక సంస్థలకు 2,87,436 కోట్లు సిఫార్సు చేశారు. అందులో గ్రామ పంచాయతీలది 2,00,292 కోట్లు. పట్టణాలు, గ్రామాలు కలిపి సగటున మనిషికి ఏడాదికి 488 రూపాయలు. ఆ సగటుతో మూడు వేల జనాభా ఉన్న ఊరికి లెక్కగడితే ఏడాదికి 14 లక్షల 64 వేలు. అంతకు ముందు ఒక్క సీసీ రోడ్డు కోసం ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరిగిన సర్పంచికి ఇది చిన్న మాట కాదు. నిధులు మండల, జిల్లా పరిషత్తులకు పోకుండా గ్రామ పంచాయతీకే వెళ్లాలని, కేంద్రం నుంచి అందిన 15 రోజుల్లో రాష్ట్రం విడుదల చేయాలని షరతు పెట్టారు. దాంతో ఎంపీపీలు, జడ్పీటీసీలు ఐదేళ్లు ఖాళీ చేతులతో కూర్చున్నారు. వారి ఫిర్యాదులో న్యాయం ఉంది. అయినా డబ్బు ఎంత కిందికి చేరితే అంత మంచిదన్న మాటను ఇంత గట్టిగా ఆచరణలో పెట్టిన సంఘం అంతకు ముందు లేదు.

కాగితం మీది హక్కు ఊరి ఖాతాలో డబ్బుగా మారడం మాత్రం వేరే కథ. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఈ గ్రాంటు రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో పదవీకాలం ముగిసిన పాలకవర్గాలకు 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగలేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదిన్నరకు పైగా ప్రత్యేకాధికారుల పాలన సాగింది. రెండు చోట్లా కేంద్రం గ్రాంట్లు నిలిచిపోయాయి. చెత్త బండి డీజిలుకు అప్పు చేసిన పంచాయతీ కార్యదర్శులు ఉన్నారు. ఎన్నికలు వాయిదా వేసేది ఒకరైతే, శిక్ష అనుభవించేది ఊరు.

డబ్బు వచ్చాక కూడా చిక్కులు తప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 తరువాత ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల పాత కరెంటు బకాయిల కింద విద్యుత్ పంపిణీ సంస్థలకు మళ్లించడంతో పార్టీలకు అతీతంగా సర్పంచులు రోడ్డెక్కారు. బకాయి పంచాయతీదే కదా అన్నది ప్రభుత్వ వాదన. తీర్మానం లేకుండా మా ఖాతాలో సొమ్ము ఎలా తీస్తారన్నది సర్పంచుల ప్రశ్న. సర్పంచుల వైపే న్యాయం ఉంది. బకాయి నిజమే అయినా, దాన్ని ఎప్పుడు ఎంత కట్టాలో పాలకవర్గం నిర్ణయించాలి. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతి ఇంకో తీరు. కేంద్ర గ్రాంటుకు రాష్ట్ర వాటా కలిపి నెలనెలా విడుదల చేశారు. ట్రాక్టరు, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక) ప్రతి ఊరికీ చేరాయి. ఊళ్లు శుభ్రపడ్డాయి, అది కాదనలేని మేలు. కానీ ఏ పని చేయాలన్న జాబితా హైదరాబాదు నుంచి వచ్చింది.

దీనికి భిన్నమైన దారి కేరళది. 1996 ఆగస్టు 17న మొదలైన ప్రజా ప్రణాళికోద్యమంలో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు కేటాయించారు. ముందు గ్రామసభలు జరిగాయి. ఆ తరువాత ప్రతి పంచాయతీ తన ఊరి వనరులు, లోటుపాట్లతో అభివృద్ధి నివేదిక రాసుకుంది. ఆ పైన పథకాలు, చివరికి డబ్బు. రిటైరైన ఇంజినీర్లు, టీచర్లు అంచనాలు సరిచూడడంలో సాయపడ్డారు. అన్ని పంచాయతీలూ బాగా చేయలేదు, ఆ ఉత్సాహమూ కొన్నాళ్లకు తగ్గింది. అయినా నిధుల కేటాయింపు పద్ధతి మాత్రం ప్రభుత్వాలు మారినా నిలబడింది.

ఎన్.కె. సింగ్ అధ్యక్షతన పదిహేనో సంఘం 2021-26కి స్థానిక సంస్థలకు 4,36,361 కోట్లు ఇచ్చింది. అందులో గ్రామీణ సంస్థలకు 2,36,805 కోట్లు. మండల, జిల్లా పరిషత్తులకు మళ్లీ వాటా దక్కింది. మొత్తంలో 60 శాతాన్ని ముడివేసి, 30 శాతం మంచినీటికి, 30 శాతం పారిశుధ్యానికి ఖర్చు చేయాలంది. మిగిలిన 40 శాతం ఊరి ఇష్టం, జీతాలకు మాత్రం వాడకూడదంది. నీళ్లు, శుభ్రత అవసరమే. కానీ ఇప్పటికే ఇంటింటికీ కుళాయి ఉన్న ఊరికి బడి ప్రహరీ అవసరం కావచ్చు, ఆ వెసులుబాటు తగ్గిపోయింది. అందుకే సీసీ రోడ్ల వంటి వాటికి చాలా పంచాయతీలు ఉపాధి హామీ సామగ్రి నిధుల వైపు చూశాయి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఆ పథకంలో ఖర్చు 60 శాతం కూలికి, 40 శాతం సామగ్రికి అన్న నిష్పత్తి ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి తీర్మానించిన పనులకు కూడా ఆ నిధులే ఆధారం.

లెక్కల విషయంలో ఒక మేలు జరిగింది. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ప్రతి పంచాయతీకి వచ్చిన గ్రాంటు, పెట్టిన ఖర్చు, ఆమోదించిన ప్రణాళిక ఎవరైనా చూసుకోవచ్చు. సర్పంచి, కార్యదర్శి డిజిటల్ సంతకంతోనే చెల్లింపులు జరుగుతాయి. పదహారో ఆర్థిక సంఘం కాలం 2026 ఏప్రిల్ నుంచి 2031 మార్చి దాకా. ఈ వ్యాసం చదివిన వారు తమ ఊరి పేరుతో ఆ లెక్క ఒకసారి తెరిచి, పోయిన ఏడాది పద్దులు రాసుకుని, వచ్చే గ్రామసభలో లేచి అడగాలి. ఆ డబ్బు వారి తల లెక్క మీదే వచ్చింది.