సారా పాటలు, సర్కారు ఖజానా

ప్రజల ఆరోగ్యానికి హాని చేసే వస్తువును ప్రభుత్వం అదుపు చేయబూనినప్పుడు, ఆ అదుపు వల్ల ఎవరి రాబడి పెరుగుతున్నది, ఎవరి బతుకుతెరువు పోతున్నది అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులే చట్టం నడకను చాలావరకు నిర్ణయిస్తాయి. తెలుగు జిల్లాలలో కల్లు, సారాల నియంత్రణకు సంబంధించిన చరిత్రలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. తాటి గెలను గాని ఈత మొవ్వును గాని గీయగా ఊరి, తనంతట తాను పులిసేది కల్లు. బెల్లం, ఇప్పపువ్వు వంటి వాటిని పులియబెట్టి, బట్టీ మీద కాచి దించేది సారా. ఈ రెండింటి తయారీ, అమ్మకాల మీద పెత్తనం చేసి పన్ను రాబట్టే శాఖకు అబ్కారీ అని పేరు. ఆ శాఖ పుట్టుకలో ఆరోగ్యం ప్రసక్తి లేదు.

ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి మద్రాసు ప్రభుత్వం ఒక్కొక్క ప్రాంతంలో మద్యం అమ్ముకొనే గుత్తహక్కును వేలం వేసి, ఎక్కువకు పాడిన వానికి కట్టబెట్టేది. దీనినే జనం పాట అనేవారు. పాట దక్కించుకొన్న గుత్తేదారు కట్టిన సొమ్మును రాబట్టుకోవడానికి అమ్మకం పెంచుకోక తప్పదు. అందువల్ల తాగుడు పెరగడం ఈ పద్ధతిలో అనుకోకుండా జరిగిన అపశ్రుతి కాదు, పద్ధతికి ప్రాణమే అది. గోదావరి మన్యంలో ఈ విధానం మరింత కటువుగా పనిచేసింది. అక్కడి గిరిజనులు ఇంటి అవసరానికి జీలుగు, తాటి కల్లు గీసుకోవడం అనాదిగా ఉన్న అలవాటు. ఆ కల్లు మీద అక్కడి స్థానిక పాలకుడైన మన్సబుదారు చిగురుపన్ను పేరుతో వసూళ్లు సాగించగా, దానిపైన ప్రభుత్వం సొంత వాడకానికి గీయడాన్ని సైతం అడ్డుకొని గుత్తేదారులను దింపింది. 1879లో చెలరేగిన రంప తిరుగుబాటుకు గల కారణాలలో ఇది ముఖ్యమైనది. నియంత్రణ పేరుతో వచ్చిన చట్టం అక్కడి వారికి మరొక శిస్తుగా మాత్రమే అందింది.

1886లో వచ్చిన మద్రాసు అబ్కారీ చట్టం ఈ చెదురుమదురు ఏర్పాట్లను ఒక కట్టుబాటులోకి తెచ్చింది. లైసెన్సు లేకుండా గీయడం, కాయడం, అమ్మడం నేరాలయ్యాయి. చెట్టుకు పన్ను, దుకాణానికి అద్దె, సారాకు సుంకం వేరువేరుగా నిర్ణయమయ్యాయి. గరిష్ఠ రాబడి, కనిష్ఠ వినియోగం అన్నది ఆనాటి అధికారులు తమ విధానానికి చెప్పుకొన్న సూత్రం. సుంకం పెంచితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే తాగుడు తగ్గుతుంది, ఖజానా మాత్రం నిండుతుంది అన్న వాదన కాగితం మీద సబబుగానే ఉంటుంది. కాని ఏ కలెక్టరు పనితనాన్నయినా పై అధికారులు వసూలైన రూపాయలతో కొలిచేవారే తప్ప, తాగుడు మానిన వారి సంఖ్యతో కొలిచేవారు కారు. ఆ కొలమానం మారనంతకాలం సూత్రంలోని రెండో సగం అలంకారంగానే మిగిలిపోయింది. నిజాం రాజ్యంలోనూ అబ్కారీ ప్రధాన రాబడులలో ఒకటి కావడంతో, తెలంగాణ పల్లెలలోని ఈతవనాలు, తాటివనాలు సర్కారు లెక్కలలోకి ఎక్కాయి.

1919 రాజ్యాంగ సంస్కరణల తరువాత చిక్కు మరింత ముదిరింది. ద్వంద్వ ప్రభుత్వం అని పిలిచే ఆ ఏర్పాటులో కొన్ని శాఖలు గవర్నరు చేతిలో ఉండగా, విద్య, ప్రజారోగ్యం, ఎక్సైజు వంటివి ఎన్నికైన మంత్రుల చేతికి వచ్చాయి. బడులు, ఆసుపత్రులు నడపడానికి మంత్రులకు దొరికిన ఆదాయాలలో మద్యం రాబడే పెద్దది కావడంతో, పిల్లవాని చదువు తండ్రి తాగుడు మీద ఆధారపడే విడ్డూరం ఏర్పడింది. 1937లో ప్రాంతాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడినప్పుడు గాంధీ ప్రశ్నించినది ఈ లంకెనే. అంతకు ముందే 1921 నాటి సహాయ నిరాకరణలో ఆంధ్ర జిల్లాల కార్యకర్తలు కల్లు దుకాణాల ఎదుట పికెటింగు చేశారు, పాటలను బహిష్కరించమని ప్రచారం చేశారు.

మద్రాసులో రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధాన్ని మొదలుపెట్టి, మరుసటి ఏడు దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయే రాబడికి బదులుగా 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. నిషేధంతో పాటే దాని ఖర్చును లెక్కగట్టి, ఆ భారం మోసే మరో పన్నును చూసుకొన్న పాలకులు ఆ తరువాతి కాలంలో అరుదు. అయితే ప్రపంచయుద్ధ కాలంలో మంత్రివర్గం లేని సమయాన గవర్నరు పాలన నిషేధాన్ని పక్కన పెట్టింది, అమ్మకపు పన్నును మాత్రం అలాగే ఉంచుకొంది. బదులుగా వచ్చిన పన్ను స్థిరపడి, దేనికి బదులుగా వచ్చిందో ఆ రాబడి కూడా తిరిగి వచ్చి చేరిన తీరు ఖజానాల స్వభావాన్ని తెలుపుతుంది.

1946లో ప్రకాశం ప్రభుత్వం నిషేధాన్ని మళ్లీ అందుకోగా, 1948 అక్టోబరు నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. మత్తు పానీయాలను, ఆరోగ్యానికి చేటు చేసే మందులను వైద్య అవసరాలకు తప్ప నిషేధించడానికి రాజ్యం కృషి చేయాలని 1950లో రాజ్యాంగంలోని 47వ అధికరణం ఆదేశించింది. ప్రజల పోషకాహార స్థాయిని, ఆరోగ్యాన్ని మెరుగుపరచే బాధ్యతను చెప్పే అధికరణంలోనే ఈ మాట చోటు చేసుకోవడం గమనార్హం. కాని నిషేధ చట్టం గీత కులాల వారిని ఒక్కసారిగా నేరస్తులను చేసింది. ఈడిగ, శెట్టిబలిజ, శ్రీశయన, గౌడ వంటి కులాల వారికి మోకు, గీతకత్తి తప్ప వేరే ఆస్తి లేదు. నీరా తీయించడం, తాటిబెల్లం చేయించడం వంటి ప్రత్యామ్నాయాలు ఆ లోటును పూడ్చలేకపోయాయి. గౌతు లచ్చన్న వంటి నాయకులు గీత కార్మికుల పక్షాన ఉద్యమించారు. కొత్తగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో ఎస్.వి. రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయాలని సూచించగా, ప్రకాశం ప్రభుత్వం దానిని అమలు చేయలేదన్న విమర్శ మీదే 1954 నవంబరులో శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడి పడిపోయింది. ఒక ఆరోగ్య విధానం మీద తెలుగువారి తొలి ప్రభుత్వం కూలిపోయినా, నిషేధం మాత్రం ఆంధ్ర జిల్లాలలో 1969 వరకు కాగితం మీద కొనసాగింది. తెలంగాణలో ఆ కాలమంతటా పాటలు సాగుతూనే ఉన్నాయి.

నిషేధం తొలగిన తరువాత ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు రాబడి 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలు ఉండగా, 1991-92 నాటికి 812 కోట్లు దాటింది. ఈ పెరుగుదలలో 1980లలో వచ్చిన వారుణి వాహిని పథకం పాత్ర చిన్నది కాదు. ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరఫరా చేసే ఈ పథకానికి చెప్పిన కారణం ఆరోగ్యమే: మూసిన ప్యాకెట్‌లో కల్తీకి తావుండదు గనుక ప్రాణాలు నిలుస్తాయి. అయితే సీసాలోని సారా దుకాణం దగ్గరే ఉండిపోతుంది, ప్యాకెట్ మాత్రం జేబులో పడుతుంది, సైకిలు మీద ఊరూరికీ చేరుతుంది, చీకటి పడకముందే కూలివాని ఇంటికి వస్తుంది. విషం తగ్గించడానికి చేసిన ఏర్పాటు అందుబాటును ఇంతగా పెంచగలదని ఊహించని అధికారులను తప్పు పట్టవచ్చు గాని, ఊహించి కూడా ఊరుకొన్నారేమో అన్న అనుమానమే ఎక్కువ సమంజసం.

నెల్లూరు జిల్లాలో 1991 జనవరిలో మొదలైన సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం ఈ కథను మలుపు తిప్పింది. రాత్రి బడులకు వచ్చిన కూలి స్త్రీలు వాచకంలో తాగుడు వల్ల చితికిన సీతమ్మ సంసారం కథ చదివి, తమ ఊళ్ల సంగతులతో పోల్చుకొని చర్చించారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ తదితర స్త్రీలు సారా దుకాణాన్ని మూయించడంతో మొదలైన కదలిక 1992లో జిల్లా అంతటికీ పాకింది. దుకాణాలకు తాళాలు వేయడం, ప్యాకెట్ల బండ్లను ఊరి పొలిమేరలోనే ఆపడం, పారబోయడం సాధారణమైంది. వారి ఎత్తుగడలోని అసలు బలం మరొక చోట ఉన్నది. అంతకు ముందు సంస్కర్తలు తాగేవాని మనసు మార్చబోయి అలసిపోగా, ఈ స్త్రీలు అక్టోబరు 1న మొదలయ్యే అబ్కారీ సంవత్సరం కోసం జిల్లా కేంద్రంలో జరగవలసిన పాటకే అడ్డుపడ్డారు. నెల్లూరు పాట పలుమార్లు వాయిదా పడింది. నూరేళ్ల విధానం పాట మీద ఆధారపడి నిలిచిందని, దానిని ఆపితే మిగిలినదంతా ఆగుతుందని చదువుకొన్న విశ్లేషకుల కన్నా ముందు వారే గ్రహించారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా అమ్మకం నిషేధమైంది.

ఆ ఊపులో ఎన్.టి. రామారావు 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి పదవి చేపట్టి, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధాన్ని అమలు చేశారు. పొరుగు రాష్ట్రాల నుంచి, యానాం నుంచి దొంగసరకు రావడం, నాటుసారా కాపులు పెరగడం, ఖజానా వట్టిపోవడం కారణాలుగా చూపి, ఆయన తరువాత వచ్చిన చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 1997లో నిషేధాన్ని సడలించింది. ఇక్కడ ఒక తేడా గమనించదగినది. జనం అడిగి, పోరాడి, ఊరూరా కాపలా కాసి సాధించిన సారా నిషేధం సడలింపు తరువాతా చట్టంలో నిలిచింది. ఎన్నికల హామీగా పైనుంచి దిగిన సంపూర్ణ నిషేధం రెండేళ్ల పైచిలుకు మాత్రమే బతికింది. సారా స్థానంలోకి చవక మద్యం సీసాలు, లైసెన్సు లేని బెల్టు షాపులు వచ్చిన మాట నిజమే. కాని పాత గుత్తేదారుల సారా సామ్రాజ్యం మాత్రం మళ్లీ లేవలేదు.

మద్యం దుకాణాల కేటాయింపులో మాత్రం పాట కొనసాగి, 2012లో ఆ వేలం స్థానంలో లాటరీ వచ్చింది. ఎవరెక్కువకు పాడితే వారికి అన్న నియమం పోయి, తిరిగి ఇవ్వని దరఖాస్తు రుసుము కట్టి అదృష్టం పరీక్షించుకొనే పద్ధతి మొదలైంది. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాల కోసం 1,31,000కు పైగా దరఖాస్తులు రాగా, ఒక్కొక్కదానికి రెండు లక్షల రూపాయల చొప్పున, ఒక్క సీసా అయినా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్ల రూపాయలకు మించి చేరింది.