దిద్దుబాటు విద్య

మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూర్ బొగ్గుగనుల ఊరు. గనినుండి పైకి వచ్చిన బొగ్గు వచ్చినది వచ్చినట్లే కొలిమికి పోదు. పెద్ద పెళ్లలను పగులగొట్టవలయును, రాతిని ఏరివేయవలయును, జల్లించి తరగతులుగా వేరుపరుపవలయును. ఇది ఆ ప్రాంతమున పసివారికిని తెలిసిన సంగతియే. కాని అట్టి ఊరనే ఒక యువకుడు రాత్రివేళ దీపము ముందు కూర్చుండి చలనచిత్రమునకై కథ వ్రాసినచో, ఆ మొదటి ప్రతి విషయమున ఈ న్యాయము అతనికి తోచదు. మనసులో మెదలినది కాగితముమీద పడగానే పని ముగిసినదని తలచును. ఎవరైన తప్పు చూపిరా, తన కన్నబిడ్డను నిందించినట్లు నొచ్చుకొనును. ఈ భ్రమ ఒక్క యువకునిది కాదు. ప్రతిభ యనగా తొలి మాటయే యనియు, దిద్దుట యనగా ప్రతిభ చాలనివాని పాట్లనియు మనలో చిరకాలముగా ఒక నమ్మకము పాతుకొనియున్నది. మన వాఙ్మయచరిత్రయే దీనికి సమాధానము చెప్పుచున్నది.

గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున తొలిసారి రంగమెక్కినది. 1897లో అచ్చయి ఆనందగజపతి మహారాజునకు అంకితమైనది. సంఘసంస్కారమునకు తోడ్పడుటయు, తెలుగు భాష రంగస్థలమునకు తగదను అపోహను తొలగించుటయు తన యుద్దేశములని గ్రంథకర్త పీఠికలో తెలిపెను. ఆయన ఊహించి వ్రాసినది కాదు. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టికను మహారాజు సిద్ధము చేయింపగా వాని సంఖ్య 1034గా తేలినది. ఆ వధువులలో ఏడాది వయసు పసికందులు ముగ్గురు. విషయము చేతనున్నది, ప్రభువు ఆదరణ యున్నది, ప్రేక్షకుల మెప్పు లభించినది. మరియొకడైనచో అంతటితో తృప్తిపడి వేరొక గ్రంథమునకు పూనుకొనియుండును.

అప్పారావుగారు అట్లు చేయలేదు. 1909లో వెలువడిన రెండవ కూర్పును చూచినవారు అది తొలిదానికి సవరణ యనలేరు. అయిదంకముల నాటకము ఏడంకములైనది. సన్నివేశములు పెరిగినవి, పాత్రలు లోతెక్కినవి, కథ నడచు త్రోవయే మారినది. నేడు మనము చదివి నవ్వుకొను కన్యాశుల్కము ఈ రెండవదియే. తొలికూర్పును బంగోరె (బండి గోపాలరెడ్డి) 1969లో మరల అచ్చువేయించుటచేత రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచు భాగ్యము మనకు కలిగినది. రచన నేర్వగోరువానికి ఇంతకు మించిన పాఠశాల లేదు.

అందు ముఖ్యముగా గమనింపదగినది మధురవాణి పాత్ర. తొలికూర్పున ఆమెకు ఇంత చోటు లేదు. మలికూర్పున ఆమెయే కథకు ఇరుసు. ఏడవ అంకమున ఆమె పురుషవేషము ధరించి వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వచ్చును. ఆయన ధర్మాత్ముడు, సంస్కారప్రియుడు, వేశ్యల మొగము చూడనని వ్రతము పట్టినవాడు. చిక్కున పడిన లుబ్ధావధానులను కాపాడు ఉపాయము మాత్రము ఆమె చేతనే యున్నది. సాయమునకు ప్రతిగా ఆమె ఒక ముద్దు కోరగా పెద్దమనిషి కలవరపడును. తుదకు ఆమెయే ఆయన వ్రతమునకు భంగము రానీయక విడిచిపెట్టును.

ఆ కాలమున వేశ్యానృత్య నిషేధోద్యమము చెన్నరాజధానిలోని సంస్కర్తలకు గర్వకారణము. గ్రంథకర్తయు సంస్కారపక్షమువాడే. అయినను తన పక్షమువానినే బోనులో నిలిపి, అతడు తక్కువగా చూచిన స్త్రీచేతనే ప్రశ్నలు వేయించెను. కన్యాశుల్కమును గర్హించుటకు ఒక్క ప్రతి చాలును. గర్హించువాని హృదయము ఎంత విశాలమైనదో పరీక్షించుటకు మాత్రము రెండవ ప్రతి కావలసివచ్చినది. మొదటి వ్రాతలో మనము పరుల దోషములను వ్రాయుదుము. తిరిగి వ్రాయునపుడు మన పక్షము దోషములను చూచు ధైర్యము కలుగవలయును.

ఇందుండి కథకుడు నేర్వవలసిన క్రమమొకటి కలదు. మొదట దిద్దవలసినది మాటలను కాదు, కట్టడమును. గోడ వంకరగానుండగా సున్నము కొట్టిన ప్రయోజనమేమి? ఈ ఘట్టము లేకున్నను కథ నడచునా యని ప్రతి ఘట్టమును అడుగవలయును. నడచునన్నచో అది ఎంత ముద్దుగానున్నను తీసివేయదగినదే. పిదప పాత్రలను చూడవలయును. ఎవడు ఏమి కోరుచున్నాడు? ఎవడు అడ్డుపడుచున్నాడు? మూలనున్న ఏ పాత్రకు కథను మోయు బలమున్నది? మధురవాణి అట్లే దొరకినది. సంభాషణల వంతు చిట్టచివర. వానిని పైకి చదివి వినవలయును. నోట పలుకునపుడు తట్టుకొను మాట నటుని నోటను తట్టుకొనును.

చలనచిత్రమునకు ఈ విద్య మరింత అవసరము. 1932లో వచ్చిన మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ రంగస్థల నాటకమునుండి పుట్టినది. నాటకమున మాట రాజు. తెరమీద చూపు రాజు. నాటకమున పాత్ర నోట చెప్పించిన దుఃఖమును తెరమీద చల్లారిన పొయ్యి చెప్పగలదు. కావున తెరకు వ్రాసినవాడు తిరిగి వ్రాయునపుడు, చెప్పినదానిలో ఎంత చూపవచ్చునో వెదకి అంతమేర మాటలను తగ్గింపవలయును. 1938 నాటి ‘మాలపిల్ల’కు కథ చలముది, మాటలు తాపీ ధర్మారావుగారివి. కృష్ణచందర్ ఉర్దూ నవలను ఆధారముగా గొని తెలంగాణ రైతాంగ పోరాటముపై 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నరసింగరావు నిర్మాతలలో ఒకరుగా, ‘మా భూమి’ తయారైనది. ఒకరి కథ మరియొకరి కలము క్రిందికి వచ్చుట, నవల చిత్రమగుట, ఇవియన్నియు తిరిగి వ్రాయుటయే. చలనచిత్రమునకు కథ వ్రాయువాడు ఏకాంత కవి కాడు. తన వ్రాతపై ఇతరుల చేయి పడునని ముందే యెరిగినవాడు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. విశ్వనాథ సత్యనారాయణగారు ‘వేయిపడగలు’ వంటి మహానవలను ఇరువదితొమ్మిది దినములలో ఆశువుగా చెప్పిరని ప్రసిద్ధి కదా, దిద్దుబాటు లేక గొప్ప రచన పుట్టదా యని. పుట్టును. ఏండ్ల తరబడి మనసున నలిగిన కథ ఒక్కసారి ధారగా వెలువడవచ్చును. అట్టివారు కాగితముమీద దిద్దవలసినదానిని తలలోనే దిద్దుకొనిరని యెంచవచ్చును. అది అందరికి అనుకరింపదగిన త్రోవ కాదు. ఇక, పదిమంది పదివిధముల చెప్పిన మాటలకెల్ల తలయూచి కథను చెరచుకొనుటయు దిద్దుబాటు కాదు. విమర్శకుడు చూపిన నొప్పి నిజమే కావచ్చును. మందు మాత్రము రచయితయే వెదకికొనవలయును.

అప్పారావుగారే 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో ప్రకటించిన కథకు ‘దిద్దుబాటు’ అని పేరు. అందు కమలిని తన భర్తను ఉపన్యాసమిచ్చి దిద్దలేదు. ఇల్లు విడిచి వెళ్లితినని యొక జాబు వ్రాసియుంచి, ఆ శూన్యమున అతని తప్పును అతడే చూచునట్లు చేసినది. రచయితయు తన మొదటి ప్రతిని కొన్నాళ్లు విడిచి, మరల పరుని కంటితో చూడవలయును. ఇంటిలో తల్లికో, చెల్లెలికో, గనిపని ముగించుకొని వచ్చిన అన్నకో చదివి వినిపింపవలయును. వారు పొగడుదురో తెగడుదురో యని కాక, ఎచట వారి చూపు పక్కకు మరలినదో గుర్తుపెట్టుకొనవలయును. ఆ చోటనుండియే రెండవ ప్రతి మొదలుపెట్టవలయును.