మాంట్రియల్ హాకీ ముంగిట పూటకూళ్లు

మాంట్రియల్ ఫోరమ్ 1924 నవంబరు 29న తెరుచుకుంది. కెనడాలో క్యుబెక్ రాష్ట్రపు పెద్ద నగరమైన మాంట్రియల్‌లో, సెయింట్ కాథరిన్ వీధి, ఆట్వాటర్ వీధి కలిసే కూడలిలో ఈ ఐస్ హాకీ స్టేడియాన్ని 159 రోజుల్లో కట్టేశారు. మెరూన్స్ అనే జట్టు కోసం కట్టినా, తొలిరాత్రి ఆడింది మాత్రం కెనేడియన్స్ జట్టు. టొరంటో సెయింట్ పాట్రిక్స్‌ను 7-1తో చిత్తు చేసింది. 1926 నుంచి ఫోరమ్ కెనేడియన్స్‌కు స్థిరమైన ఇల్లయింది. ఆ తర్వాత డెబ్భై ఏళ్లపాటు ఆటకు ముందు ఎక్కడ తినాలి, ఆట అయ్యాక ఎక్కడ కూర్చోవాలి అన్న ప్రశ్నలకు జవాబు ఈ కూడలి చుట్టూనే దొరికేది.

హాకీ చలికాలపు ఆట. మాంట్రియల్ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల కిందికి దిగడం కొత్తేమీ కాదు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు, మధ్యలో రెండు విరామాలు. ఆ విరామాల్లో ఫోరమ్ లోపల జనం ఎగబడేది హాట్ డాగ్ కోసమే. ఈ నగరంలో హాట్ డాగ్‌కు రెండు పద్ధతులున్నాయి. బన్ను ఆవిరి మీద మెత్తబరిస్తే ‘స్టీమే’, పెనం మీద కాలిస్తే ‘టోస్టే’. రెండింటి మీదా ఆవాల ముద్ద, ఉల్లి తరుగు, క్యాబేజీ పడాల్సిందే. సెయింట్ లారెంట్ వీధిలోని మాంట్రియల్ పూల్ రూమ్ 1912 నుంచీ ఆవిరి రకానికి పేరుమోసింది. ఫోరమ్‌లో అమ్మింది కాల్చిన రకం. దాని రుచిని పాతతరం అభిమానులు ఇప్పటికీ ఆటగాళ్ల పేర్లతో సమానంగా తలుచుకుంటారు.

కడుపునిండా తినాలనుకున్నవారికి స్మోక్డ్ మీట్ ఉండేది. తూర్పు యూరప్ నుంచి, ముఖ్యంగా రొమేనియా నుంచి వలస వచ్చిన యూదులు దీన్ని మాంట్రియల్‌కు తెచ్చారు. గొడ్డుమాంసంలో రొమ్ము భాగాన్ని ఉప్పు, మిరియాలు, ధనియాలు, వెల్లుల్లి పట్టించి రోజుల తరబడి ఊరబెడతారు. తర్వాత పొగబెట్టి, వడ్డించేముందు ఆవిరి మీద మెత్తబరిచి, చేత్తో ముక్కలు కోస్తారు. రై రొట్టె ముక్కల మధ్య పేర్చి, పసుపు ఆవాల ముద్ద రాసి ఇస్తారు. కొవ్వు తక్కువదా, మధ్యరకమా, ఎక్కువదా అన్నది తినేవాడే చెప్పాలి. తెలిసినవాళ్లు మధ్యరకమే అడుగుతారు, కొవ్వు లేకపోతే ఆ మాంసం పొడిబారిపోతుంది మరి. 1928లో రూబెన్ ష్వార్ట్జ్ సెయింట్ లారెంట్ వీధిలో తెరిచిన దుకాణం నేటికీ నడుస్తోంది. నగరం నడిబొడ్డున మెట్‌కాఫ్ వీధి మూలన ఉన్న బెన్స్ మాత్రం 1908లో మొదలై, ఉద్యోగుల సమ్మె తర్వాత 2006లో మూతపడింది. అర్ధరాత్రి దాటాక కూడా తెరిచి ఉండే ఆ హోటల్ గోడల నిండా వచ్చిపోయిన ప్రముఖుల ఫొటోలుండేవి. తర్వాత ఆ భవనాన్ని కూల్చేయడం మాంట్రియల్‌కు తీరని నష్టం.

అయితే ఫోరమ్ చుట్టుపక్కల కథలో అసలు భాగం టావెర్న్‌లది. టావెర్న్ అంటే ఆడంబరం లేని బీరు దుకాణం: చిన్న బల్లలు, గ్లాసుల్లో పీపా బీరు, వెనిగర్‌లో ఊరిన కోడిగుడ్లు, పందినాలుక, ఉడికిన చిక్కుడు గింజలు. ఆ రోజుల్లో హాకీ ఆటగాళ్ల జీతాలు ఇప్పటిలా కోట్లలో లేవు. ఆట మానేశాక బతుకుతెరువు వెతుక్కోవాల్సిందే. పేరు, పరిచయాలు తప్ప వేరే పెట్టుబడి లేని ఆటగాడికి టావెర్న్ పెట్టుకోవడం అందుబాటులో ఉన్న దారి. కెనేడియన్స్‌కు కోచ్‌గా, హాకీ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పును ఎనిమిదిసార్లు గెలిపించిన టో బ్లేక్‌కు ఫోరమ్ నుంచి నడిచివెళ్లే దూరంలోనే, సెయింట్ కాథరిన్ వీధిలో టావెర్న్ ఉండేది. అదే జట్టు ఆటగాడు మోరిస్ రిచర్డ్ తన దుకాణానికి 544/9 అని పేరు పెట్టుకున్నాడు. 544 అతను కొట్టిన గోల్స్, 9 అతని చొక్కా మీది అంకె. ఆటగాడిగా 11 స్టాన్లీ కప్పులు గెలిచి ఎవరికీ అందని రికార్డు నెలకొల్పిన అతని తమ్ముడు ఆన్రీ పార్క్ అవెన్యూలో ఏళ్ల తరబడి టావెర్న్ నడిపాడు. కెప్టెన్ బుచ్ బూషార్డ్ ఇంకా ఆడుతుండగానే రెస్టరెంట్ తెరిచాడు. అంతకుముందు అతను తేనెటీగలు పెంచి సంపాదించినవాడు, వ్యాపారం కొత్త కాదు. నిన్నటిదాకా మంచు మీద చూసిన మనిషి ఇవాళ బల్ల దగ్గరికి వచ్చి పలకరించే ఊరు అది. ఈ సామీప్యమే మాంట్రియల్ హాకీని తక్కిన నగరాల హాకీ నుంచి వేరు చేసింది.

ఆ టావెర్న్‌లకు ఒక పెద్ద లోపం ఉండేది. వాటిలోకి ఆడవాళ్లను రానిచ్చేవారు కాదు. ఫోరమ్‌లో భర్త పక్కన కూర్చుని ఆట చూసిన ఇల్లాలు, ఆట ముగిశాక ఆ గడప తొక్కడానికి వీల్లేదు. 1970ల చివర్లో చట్టం మారడం మొదలై, 1980లలో ఈ అన్యాయానికి తెరపడింది. పాత టావెర్న్‌ల గురించి బెంగపడేవారు ఈ సంగతిని మరవకూడదు.

1955 మార్చి 17 రాత్రి సెయింట్ కాథరిన్ వీధి తగలబడినంత పని అయింది. బోస్టన్‌లో ఒక లైన్స్‌మన్‌ను కొట్టినందుకు మోరిస్ రిచర్డ్‌ను మిగిలిన సీజన్ అంతా ఆడకుండా లీగ్ అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్ నిషేధించాడు. అయినా క్యాంప్‌బెల్ ఆ రాత్రి ఫోరమ్‌కు వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. జనం గుడ్లు, టమాటాలు విసిరారు. ఆపైన బాష్పవాయు గుళిక పేలింది. ఆటను డెట్రాయిట్‌కు అప్పగించి జనాన్ని ఖాళీ చేయించారు. బయటపడ్డ గుంపు సెయింట్ కాథరిన్ వీధి పొడవునా దుకాణాల అద్దాలు పగలగొట్టింది. మర్నాడు రిచర్డ్ స్వయంగా రేడియోలో శాంతించమని కోరాడు. రిచర్డ్ ఫ్రెంచివాడు, క్యాంప్‌బెల్ ఇంగ్లీషువాడు. ఇంగ్లీషు దొరతనం మీద ఫ్రెంచివారి ఆగ్రహానికి ఆ అల్లరి తొలి బాహాటపు గుర్తు అని చాలామంది చరిత్రకారులు అంటారు.

బీరుకు, హాకీకి ఉన్న సంబంధం గ్లాసు దగ్గర ఆగలేదు. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున 1786లో బీరు కాచడం మొదలుపెట్టిన మోల్సన్ కుటుంబం, 1957లో జట్టునూ ఫోరమ్‌నూ చేజిక్కించుకుంది. మధ్యలో చేతులు మారినా, 2009లో జట్టు మళ్లీ అదే కుటుంబపు అన్నదమ్ముల చేతికి వచ్చింది.

1996 మార్చి 11న ఫోరమ్‌లో చివరి ఆట జరిగింది. అయిదు రోజులకే కొత్త స్టేడియం తెరిచారు. మొదట మోల్సన్ సెంటర్, 2002 నుంచి బెల్ సెంటర్. పాతదానికి దూరం రెండు కిలోమీటర్లలోపే, కానీ తిండి తీరు పూర్తిగా మారిపోయింది. దాదాపు 21 వేల మంది పట్టే ఈ స్టేడియం పాత విండ్సర్ రైల్వేస్టేషన్ పక్కన, మెట్రోతోనూ నేలమాళిగ దారులతోనూ కలిసి ఉంటుంది. ప్రేక్షకుడు వీధి చలిగాలి తగలకుండానే సీటు చేరుకోవచ్చు. బీరు, హాట్ డాగ్, పిజ్జా అన్నీ లోపలే, లోపలి ధరలకే. జట్టు పుట్టిన సంవత్సరం పేరుతో ‘1909’ అనే పెద్ద టావెర్న్ కూడా స్టేడియం పక్కనే వెలిసింది. వీధి దుకాణాలు దక్కించుకునే రాబడిని స్టేడియమే దక్కించుకుందన్నమాట.

వీధి పూర్తిగా ఓడిపోలేదు. పీల్ వీధి, క్రెసెంట్ వీధి పబ్బులు ఆట రాత్రుల్లో ఇప్పటికీ కిటకిటలాడతాయి. పాత ఫోరమ్ భవనం సినిమాహాళ్ల సముదాయంగా మారింది. లోపల పాత మంచుగచ్చు మధ్యబిందువు ఉన్నచోట గుర్తు పెట్టి, కొన్ని పాత సీట్లను నిలిపి ఉంచారు.

ఈ రెండు స్టేడియాల మధ్యలోనే కాంకార్డియా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదువుకునే తెలుగువారు గుర్తుంచుకోవాల్సినవి రెండున్నాయి. స్మోక్డ్ మీట్ గొడ్డుమాంసమే. బంగాళాదుంప వేపుడు మీద జున్నుముక్కలు, వేడి గ్రేవీ పోసిచ్చే పుటీన్ చూడ్డానికి శాకాహారంలా కనిపించినా, గ్రేవీ మాత్రం మామూలుగా మాంసం రసంతో చేసిందే. శాకాహార గ్రేవీ ఉందా అని ముందే అడగాలి. ఆట సాధారణంగా సాయంత్రం ఏడింటికి మొదలవుతుంది. అయిదు గంటలకల్లా బయట వీధిలో తినేసి లోపలికి వెళ్లడం జేబుకూ మంచిది, నాలుకకూ మంచిది.