బీరువాలో మాయాబజారు

దాచుకోవడమన్నది మన ఇళ్ళల్లో ఒక విద్య. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టడం దగ్గర్నుంచి పట్టుచీర మడతల్లో వేపాకు పెట్టడం దాకా, ఏది ఎలా దాస్తే ఎన్నాళ్ళుంటుందో మనకెవరూ పుస్తకం చూసి నేర్పలేదు. కానీ సినిమాని కూడా దాచుకోవచ్చునన్న సంగతి మన అమ్మమ్మలకి తెలీదు. వాళ్ళకి సినిమా అంటే తిరునాళ్ళ లాంటిది. వెళ్ళాలి, చూడాలి, ఇంటికొచ్చి నెల్లాళ్ళు చెప్పుకోవాలి. ఆట మారిందా, ఆ సినిమా ఊరు దాటిపోయినట్టే! అలాంటి సినిమా మన బీరువాలోకి ఎలా వచ్చిందో, మళ్ళీ అందులోంచి ఎలా జారిపోతోందో చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ.

దాచుకోకపోతే ఏమవుతుందో మన మొట్టమొదటి సినిమాయే చెబుతుంది. తెలుగులో తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’. హెచ్.ఎం. రెడ్డిగారు బొంబాయిలో తీశారు, 1932 ఫిబ్రవరి 6న అక్కడే విడుదలైంది. లీలావతి వేషం సురభి కమలాబాయిగారిది. తెలుగు తెరమీద మాట్లాడిన తొలి కథానాయిక ఆవిడ. పాపం, ఆవిడ ఎలా నిలబడ్డారో, ఎలా పలికారో చూద్దామంటే ఆ సినిమా ఇవాళ లేదు. ఆ కాలపు ఫిల్ము నైట్రేటుది. ఇట్టే అంటుకుని కాలిపోయేది. కాలకుండా మిగిలిన పాత రీళ్ళని కూడా చాలాచోట్ల అందులోని వెండి కోసం కరిగించేశారు. పూనాలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికి లీలావతమ్మ మాట పలికి ముప్ఫై రెండేళ్ళు. ఇల్లు కాలిపోయాక నుయ్యి తవ్వారని అనను గాని, సగం సామాను అప్పటికే బుగ్గయింది.

‘భక్త ప్రహ్లాద’ వచ్చిన మరుసటి ఏడే, 1933లో, మా విశాఖపట్నంలో ఓడరేవు తెరిచారు. ఈ రెంటికీ సంబంధమేమిటంటారా? ఉందండీ. సినిమాని ఇంట్లోకి తెచ్చిన యంత్రాన్ని మా ఊళ్ళో చాలామంది మొదట చూసింది ఓడ దిగిన వాళ్ళ చేతుల్లోనే. జపానులో సోనీవారు 1975లో బీటామాక్సూ, జేవీసీవారు 1976లో వీహెచ్ఎస్సూ తెచ్చారు. మన దేశంలో 1982లో ఏషియన్ క్రీడలప్పుడు రంగుల టీవీ వచ్చాకే ఆ మోజు ఊపందుకుంది. ఓడలమీద పనిచేసే మగవాళ్ళు సింగపూరు నుంచో, గల్ఫు నుంచో సెలవుకి వస్తూ వీసీఆర్ పట్టుకొచ్చేవారు. ఒక ఇంట్లో ఉంటే వీధి మొత్తానికి ఉన్నట్టే. లేనివాళ్ళకి అద్దెకి దొరికేది. టీవీ, వీసీఆర్, నాలుగు కేసెట్లు కలిపి ఒక రాత్రికింత అని. రిక్షాలోంచి కొత్త పెళ్ళికూతుర్ని దింపినంత జాగ్రత్తగా దింపి, తెల్లారేలోగా నాలుగు సినిమాలూ చూసి, ఎర్రబడ్డ కళ్ళతో సాగనంపేవాళ్ళం.

మగవాళ్ళకది వినోదం. మనకి అంతకన్నా ఎక్కువ. మా ఊళ్ళో జగదాంబ థియేటరంటే ఎంత పేరంటే, ఆ కూడలికే జగదాంబ జంక్షనని పేరు పడిపోయింది. అక్కడికెళ్ళి ఒక్క మాట్నీ చూడాలంటే ఇంటికోడలికి ఎన్ని అనుమతులు! మామగారి కాఫీ ఎవరిస్తారు, పిల్లలు బడినుంచి వచ్చేసరికి తాళం ఎవరు తీస్తారు, తోడెవరొస్తారు... ఇంతా అయ్యాక ఏ సినిమాకి వెళ్ళాలో ఇంటాయనే చెబుతారు. కేసెట్టు వచ్చాక, వంటిల్లు సర్దుకున్న మధ్యాహ్నం వేళ, ఏ సినిమా చూడాలో మొదటిసారి మనం నిర్ణయించాం. చిన్న విషయమేనంటారా? కావచ్చు. కాని అలాంటి చిన్న విషయాలే మనకి ఎన్నున్నాయి చెప్పండి!

అందులో నాకు మహా నచ్చింది వెనక్కి తిప్పి చూసుకోవడం. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ మీరంతా చూసే ఉంటారు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వస్తాడు కదా, అక్కడ సావిత్రిగారి నటన చూడండి. ఒళ్ళు ఆడపిల్లది, దర్పం ఎస్.వి. రంగారావుగారిది! ఆ చూపు, ఆ భుజం విరుపు థియేటర్లో ఒక్క క్షణంలో దాటిపోతాయి. కేసెట్టులో ముమ్మారు తిప్పి చూస్తేగాని, ఆవిడ ఎంత లెక్కగా చేశారో నాకు తెలిసిరాలేదు. అయితే అద్దె కేసెట్టు సుఖం అద్దె కేసెట్టుదే. సగం పాట కోసేసి ఉండేది, సావిత్రిగారి గడ్డం కిందనుంచి ఏ చీరల కొట్టు ప్రకటనో పాక్కుంటూ పోయేది. ఇక మా సముద్రపు గాలి! రెండు వానాకాలాలు గడిస్తే టేపుమీద తెల్లటి బూజు. ఆవకాయకి బూజు పడితే పైపైన తీసేసి సరిపెట్టుకుంటాం. టేపుకి పడితే, దాంతోపాటు వీసీఆర్ హెడ్డు కూడా పాడు.

ఆ బూజు కేసెట్లలోనే మా ఊరు కూడా ఉండేది. బాలచందర్‌గారి ‘మరో చరిత్ర’ (1978) విశాఖ, భీమిలి తీరాల్లో తీశారు. రంగుల కాలంలో తెలుపు నలుపుల్లో తీసినా జనం విరగబడి చూశారు. ఆ తీరం ఇప్పుడలా లేదు. కమల్‌హాసన్, సరిత నడిచిన ఇసుక చూడాలంటే ఆ సినిమాలోనే చూడాలి. సినిమాని దాచడమంటే కథనే కాదు, ఊరిని కూడా దాచడమని నాకప్పుడే తోచింది.

దాచడమంటే ఏమిటో నాకు చేసి చూపించింది ఒక బెంగాలీ ఆవిడ. మా ఊరి ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగినా, 1992లోగాని అది జాతికి అంకితం కాలేదు. ఆ మధ్యకాలంలో పనులకోసం దేశం నలుమూలల నుంచీ కుటుంబాలు వచ్చాయి. ఉక్కునగరం క్వార్టర్సులో మా పక్కింటావిడ దూరదర్శన్‌లో వచ్చిన ‘పథేర్ పాంచాలీ’ని రికార్డు చేసి, కేసెట్టుని పాత చీర ముక్కలో చుట్టి, దేవుడి పటాల పక్కన పెట్టుకునేవారు. భాష రాకపోయినా, ఆవిడ పక్కన కూర్చుని దుర్గ పోయినప్పుడు నేనూ ఏడ్చాను.

ఆ సినిమాకి తరవాత పెద్ద గండమే వచ్చింది. సత్యజిత్ రాయ్ చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్‌లోని ఒక లేబరేటరీలో అగ్నిప్రమాదంలో కాలాయి. అయినా ఆ మాడిన ముక్కల్ని పారెయ్యలేదు. ఏళ్ళ తరవాత ఇటలీలోని బొలోనియాలో వాటిని మళ్ళీ మెత్తబరిచి, చిరుగులు చేత్తో అతికి, ‘పథేర్ పాంచాలీ’ నెగెటివ్‌లో నలభై శాతం దాకా దక్కించారు. పోయిన భాగాల్ని వేరేచోట్ల దాచి ఉన్న మంచి ప్రతుల నుంచి నింపారు. 2015లో అమెరికాలో క్రైటీరియన్‌వారు ఆ అపూ కథ మూడు భాగాల్నీ డిస్కులుగా తెచ్చారు. చిరుగు కుట్టడం తెలిసిన మనకి ఆ ఓపిక విలువ వేరే చెప్పాలా?

మనకీ మంచి రోజులు కొన్ని వచ్చాయి. వీసీడీ, డీవీడీ వచ్చాక వోల్గా, శ్రీ బాలాజీ పేర్లున్న అట్టపెట్టెల్లో పాత తెలుగు సినిమాలు బజార్లో వరసగా కూర్చున్నాయి. 2007లో మోజర్ బేర్‌వారు వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మేసరికి, కూరల సంచీలో ఒక సినిమా కూడా పడేది. 2010 జనవరిలో ‘మాయాబజార్’ రంగులు పూసుకుని మళ్ళీ థియేటర్లకొచ్చింది. కాని ఆ వైభవం ఎన్నాళ్ళో నిలవలేదు. 2016లో వీసీఆర్ల తయారీ ఆగిపోయింది. 2018లో ఆ చవక డిస్కుల కంపెనీ కూడా దివాలా తీసి మూతపడింది.

ఆ 2018లోనే మా ఊరి నుంచి ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చింది. వెంకటేశ్ మహా దర్శకుడు. అమెరికాలో గుండె వైద్యురాలైన ప్రవీణ పరుచూరిగారు డబ్బు పెట్టి, తనే ఒక పాత్ర కూడా వేశారు. తక్కిన వేషాలు చాలావరకూ కంచరపాలెం వాళ్ళవే. మా వీధులు, మా యాస, మా మనుషులు! ‘మరో చరిత్ర’ తరవాత మళ్ళీ మా ఊరు ఒక సినిమాలో అలా కుదురుగా కూర్చుంది. నేను దాన్ని చూసింది మా అబ్బాయి ఫోనులో. మర్నాడు పక్కింటి పిన్నిగారికిద్దామంటే చేతిలో ఏమీ లేదు!

అదే నా బాధ. ఫోనులో వచ్చే సినిమా అద్దింటి లాంటిది. కంపెనీల మధ్య ఒప్పందం ఉన్నన్నాళ్ళే మన కంటికి కనిపిస్తుంది. గడువు తీరిందంటే, చెప్పకుండానే గది ఖాళీ. అన్ని సినిమాలూ చేతిలో ఉన్నాయనుకుంటున్నాం, ఏదీ మన ఇంట్లో లేదు. పెద్ద హీరోల సినిమాలకి ఫరవాలేదు. 2024లో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌వారు పది సినిమాల్ని పాతిక ఊళ్ళల్లో ఆడించారు. కొత్తవాళ్ళు తీసిన చిన్న సినిమాలకి ఆ దిక్కెవరు?

అందుకని చెల్లెళ్ళూ, బీరువా సర్దుతూ పాత డిస్కుల్ని పాతసామాను వాడికి వెయ్యకండి. మీ పెళ్ళి కేసెట్టు ఇంకా ఉంటే, బూజు పట్టకముందే కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక ప్రతి పుట్టింట్లో, ఒక ప్రతి అత్తింట్లో ఉంచండి. ఒక్కచోటే ఉన్నది ఉన్నట్టు కాదని కాలిన నెగెటివ్‌లు చెప్పనే చెప్పాయి. తెలుగు తెరమీద తొలిసారి పలికిన ఆడగొంతు మనకి దక్కలేదు. రేపు మన మనవరాళ్ళు సావిత్రిగారిని వెనక్కి తిప్పి చూసుకోగలగాలంటే, మన ఇళ్ళల్లో ఎక్కడో ఒక చీర ముక్కలో ఆవిడ భద్రంగా ఉండాలి.