20 డిగ్రీల గదిలో చెమట

గోడ మీది డిస్‌ప్లే 20.0 చూపిస్తోంది. బయట బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్ రేకుల షెడ్ల మీద ఎండ ఎంత కాసినా, ఈ ఇన్‌స్పెక్షన్ గదిలో ఏడాది పొడుగునా అదే అంకె. ఉక్కు వేడికి సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది. అందుకే పొడవు కొలతలకి 20 డిగ్రీలే ప్రమాణమని అంతర్జాతీయ తూనికలు కొలతల కమిటీ 1931లో తేల్చింది. ఏసీ చలికి పక్క టేబుల్ దగ్గరి అమ్మాయి స్వెట్టర్ వేసుకుని కూర్చుంది. నీ అరచేతులు మాత్రం కారుతున్నాయి.

మైక్రోమీటర్ తిప్పబోతే వేళ్ళు జారుతున్నాయి. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటావు. రోజూ తుడిచి తుడిచి జేబు పక్కన గుడ్డ ఎప్పుడో రంగు మారింది. మళ్ళీ పట్టుకునేలోపే అరచేతి గీతల్లోంచి సన్నటి బొట్లు లేస్తాయి. రిపోర్టు రాయబోతే కాగితం మణికట్టుకి అంటుకుని లేచొస్తుంది, ఇంకు అలుక్కుంటుంది. పొద్దున గేటు దగ్గర పంచింగ్ మిషను నీ వేలిముద్ర పట్టక, వెనక లైన్లో ఉన్నవాళ్ళంతా విసుక్కున్నారు.

క్వాలిటీ ఇన్‌ఛార్జి ట్రే తెచ్చి ముందు పెడతాడు. నిన్న గ్రైండింగ్ అయిన బేరింగ్ రింగులు. నున్నటి అంచు మీద గోధుమ రంగు తుప్పు. దగ్గరగా చూస్తే అది బొటనవేలి ముద్ర, గీతలతో సహా.

"ఏమప్పా, జాబ్ మీద సంతకం పెట్టినావా?" గదంతా నవ్వు.

చెమటలో 99 శాతం నీళ్ళే. మిగతా కొంచెంలో ఉప్పు ఉంది, లాక్టిక్ ఆమ్లం ఉంది. రస్ట్ ఆయిల్ పూయని ఉక్కుకి ఆ కొంచెమే చాలు. ఇంజనీరింగ్ పరిశ్రమలో ఇలాంటి చేతులవాళ్ళకి 'రస్టర్లు' అన్న పేరు ఎన్నాళ్ళ నుంచో ఉంది. ఈ గదిలో అయితే గ్లోవ్స్ అడగొచ్చు. వచ్చే వారం నీ డ్యూటీ లేత్ మీద. అక్కడ చక్ తిరుగుతుంటే గ్లోవ్స్ వేసుకోకూడదు. గుడ్డ చిక్కుకుందంటే చెయ్యి కూడా లోపలికి పోతుంది. కాటన్ వేస్ట్‌తో తుడుచుకుంటూ నెట్టుకురావాల్సిందే. తడి చేతికి ఇనుప రజను అంటుకుంటుంది, గుచ్చుకుంటుంది.

భోజనాల గంట. షెడ్డు వెనక చెట్టు కింద క్యారియర్లు తెరుచుకుంటాయి. హిందూపురం, మడకశిర, కదిరి, హోసూరు, ఎవరి ఊరి సంగటి వాళ్ళది. ట్రే కథ నీకంటే ముందే ఇక్కడికి చేరింది.

"వేడి చేసిందిరా నీకు. మజ్జిగ తాగు."

"నీళ్ళు తాగడం తగ్గించు, అదే ఆగిపోతాది."

"పోనీలేప్పా, ఒంట్లో చెడంతా పోతాంది, మంచిదే."

స్టోర్ కీపర్ తన వంతుగా కన్నడంలో అందుకుంటాడు: "ఏనప్పా, భయానా?"

మూలన కూర్చున్న పెద్దాయన అన్నం కలుపుతూనే అంటాడు: "తప్పు చేసినోనికే చేతులు తడిసేది."

నువ్వు నవ్వేస్తావు. అబద్ధాలు పట్టడానికి వాడే పాలిగ్రాఫ్ మిషను కొలిచేవాటిలో చెమటతో మారే చర్మపు విద్యుత్ వాహకత కూడా ఒకటి. ఒప్పుకోని మనిషికి ఆ పరీక్ష చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు పేరు సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం. ఆ తీర్పు ఈ చెట్టు కిందికి ఇంకా రాలేదు.

జీతంలో ప్రతి నూటికి 75 పైసలు ఈఎస్‌ఐకి పోతున్నాయి కదా అని ఒక సాయంత్రం డిస్పెన్సరీకి వెళ్తావు. అక్కడి నుంచి రాజాజీనగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి చర్మ విభాగానికి చీటీ. డాక్టరమ్మ నీ చెయ్యి చూడకముందే ప్రశ్నలు మొదలుపెడుతుంది. రెండు చేతులకీ సమానంగా వస్తుందా? అరికాళ్ళకి కూడానా? ఎప్పటి నుంచి? నిద్రలో వస్తుందా?

హైస్కూల్లో పరీక్ష పేపరు కింద వేరే కాగితం పెట్టుకుని రాసింది గుర్తొస్తుంది. నిద్రలో మాత్రం చేతులు పొడిగానే ఉంటాయని చెప్తావు. ఆమె తల ఊపి రాసుకుంటుంది. ఈ అతి చెమట జబ్బు ముఖ్యమైన గుర్తుల్లో అదొకటి. రాత్రిళ్ళు దుప్పటి తడిసినా, ఒక పక్కే చెమట పట్టినా, పెద్దయ్యాక ఉన్నట్టుండి మొదలైనా, బరువు తగ్గుతున్నా దారి వేరు. అప్పుడు థైరాయిడ్, షుగర్, క్షయ, వాడుతున్న మందులు అన్నీ చూడాలి.

"పంపు బాగానే ఉంది. సిగ్నలే ఎక్కువొస్తోంది," అంటుంది. పీణ్య నుంచి వచ్చేవాళ్ళకి ఎలా చెప్పాలో ఆమెకి తెలుసు. గ్రంథుల సంఖ్య ఎక్కువ కాదు, అవి చెడిపోలేదు. వాటిని నడిపే నరాలు అవసరం లేకపోయినా ఆదేశాలు పంపుతున్నాయి. కంగారుపడితే చెమట పెరిగే మాట నిజమే. కానీ జబ్బు పుట్టింది కంగారులోంచి కాదు. చెయ్యి తడుస్తుందన్న బెంగే కంగారుగా మారి చెమటని ఇంకా పెంచుతుంది.

చెట్టు కింద విన్న సలహాలన్నీ ఒక్కొక్కటే బయటపెడతావు. ఆమె అన్నిటికీ జవాబిస్తుంది. చెడుని వడగట్టి పంపేవి మూత్రపిండాలు, కాలేయం. చెమట ముఖ్యమైన పని ఒంటిని చల్లబరచడం. నీళ్ళు తగ్గిస్తే ఈ చెమట తగ్గదు, ఫర్నేస్ పక్కన పనిచేసే రోజున కళ్ళు తిరుగుతాయి. శుభ్రత లేకపోవడమూ కాదు. అరచేతి చెమటకి వాసనే లేదు. చంకల్లో వాసన అక్కడి వేరే రకం గ్రంథుల చెమట మీద బ్యాక్టీరియా చేసే పని. అమెరికాలో 2004లో అచ్చయిన సర్వే ప్రకారం నూటికి దాదాపు ముగ్గురికి ఒంట్లో ఏదో ఒక చోట అతి చెమట ఉంది. ఆ లెక్కన మీ షెడ్డులోనే ఇంకెవరో కాటన్ వేస్ట్ జేబులో దాచుకుని తిరుగుతుండొచ్చు.

మందు చీటీ మీద మొదటిది అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం. రాత్రి పడుకునే ముందు, బాగా ఆరిన చేతికే పూయాలి, పొద్దున కడిగేయాలి. నిద్రలో గ్రంథులు ఊరుకుంటాయి కాబట్టి మందు వాటి నోళ్ళు మూయగలుగుతుంది. తడి మీద పూస్తే ఆమ్లం పుట్టి చర్మం మండుతుంది. దీనికి లొంగకపోతే అయాంటోఫొరెసిస్: చేతుల్ని నీళ్ళ ట్రేల్లో పెట్టి సన్నటి కరెంటు పంపడం, వారానికి కొన్నిసార్లు. ఆ తర్వాత మాత్రలున్నాయి, నోరెండిపోతుంది. బొటాక్స్ సూదులున్నాయి, అరచేతిలో బాగా నొప్పి, కొన్ని నెలలే పనిచేస్తాయి. నరం కోసే ఆపరేషన్ అన్నిటికంటే చివరిది. చేతులు ఆరతాయి గానీ చాలామందికి ఆ చెమట వీపుకీ పొట్టకీ మారుతుంది, దాన్ని వెనక్కి తిప్పడం కష్టం.

లేచేముందు ఇంకో ప్రశ్న: ఇంట్లో ఎవరికైనా ఉందా?

రాత్రి రూములో మందు ఆరడానికి చేతులు ఫ్యాను కింద చాపి, ఫోను స్పీకర్లో పెట్టి అమ్మని అడుగుతావు.

"మీ తాతకి అట్లే ఉండె. శెనిక్కాయ ఇత్తనం చేతికి అంటుకుంటాదని ఆయప్పని ఇత్తనానికి రానిచ్చేవాళ్ళు కాదు." కాసేపు ఆగుతుంది. "గెట్టు తగాదాలో పంచాయతీకి పిలిసి ఏలిముద్ర ఏయమనిరి. చెయ్యి తడికి ముద్ర అలుక్కుపాయ. అబద్ధమాడేవానికే చెయ్యి తడుస్తాదని ఎదుటోళ్ళనిరి. గెట్టు వాళ్ళకే పాయ. ఆయప్ప సచ్చిందాకా ఆ మాట అనిపించుకునె."

డాక్టరమ్మ చెప్పిందంతా వివరిస్తావు. నరాలు, సిగ్నలు, వంశంలో రావడం. అమ్మ మధ్యలో అడ్డం రాకుండా వింటుంది.

"ఆయమ్మ ఇదంతా కాగితం మీద రాసిచ్చిందా?"

"చీటీ ఉందమ్మా. జబ్బు పేరు రాసింది."

"అయితే ఉగాదికి వచ్చేటప్పుడు ఆ చీటీ తీసుకురా నాయనా. గెట్టు రాకపోయినా పోనీ. ఆ ఇంటోళ్ళకి ఒకసారి చదివి వినిపియ్యల్ల."