చెట్ల పేర్లతో ఏర్పడిన గ్రామనామాలు, ఇంటిపేర్లు (ఆదోని - ఎమ్మిగనూరు ప్రాంతం)

చెట్టు పేరు ఊరికి, ఊరి పేరు ఇంటికి సంక్రమించడం అనేక భాషలలో కనిపించే ఆచారం. కర్నూలు జిల్లా పశ్చిమ భాగమైన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఇట్టి పేర్లను తెలుగు, కన్నడ భాషలు రెండింటి సాయంతోనూ పరిశీలించవలసి ఉంటుంది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించేవరకు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఎమ్మిగనూరు నాడు ఆదోని తాలూకాలోనిదే.

గ్రామనామాలు

కొన్ని పేర్లలో తెలుగు చెట్టు స్పష్టంగానే కనిపిస్తుంది. హాలహర్వి మండలంలోని చింతకుంట, గోనెగండ్ల మండలంలోని వేముగోడు, దేవనకొండ మండలంలోని కరివేముల ఇట్టివి. వేము అనేది వేపకు పాత రూపం. కరివేము అనగా కరివేప. చింతకుంటలో చెట్టుతోపాటు నీటివనరు కూడా చేరింది. వానలు తక్కువైన ఈ సీమలో బాటసారికి నీడ, నీరు రెండూ ముఖ్యమైన గుర్తులే.

ఆదోని మండలంలోని జాలిమంచి పేరు వినగానే తెలుగువారికి దయ, మంచితనం స్ఫురిస్తాయి. కాని కన్నడంలో జాలి అనగా తుమ్మచెట్టు. నల్లరేగడి నేలలో తుమ్మ బాగా పెరుగుతుంది కనుక ఈ పేరులోని మొదటి పదం చెట్టుదే అనుకోవడం సమంజసం. జర్మనీలోని లైప్‌జిగ్ నగరానిదీ ఇటువంటి కథే. ఆ పేరు లిండెన్ చెట్టును తెలిపే స్లావు పదంనుండి వచ్చినదని పండితుల అభిప్రాయం. జర్మను మాట్లాడేవారికి అందులో చెట్టు వినిపించదు.

అయితే ధ్వనిసామ్యం ఒక్కటే ప్రమాణం కాదు. కన్నడంలో ఆల అనగా మర్రి. అంతమాత్రాన, శాసనాలలోని ప్రాచీన రూపాలను చూడకుండా ఆలూరును మర్రియూరని తేల్చడం తొందరపాటే అవుతుంది.

ఇంటిపేర్లు

తుమ్మల, వేముల, చింతా, మర్రి, రావి తెలుగునాట ప్రసిద్ధమైన ఇంటిపేర్లు. కవి తుమ్మల సీతారామమూర్తి, రచయిత చింతా దీక్షితులు, రాజకీయవేత్త మర్రి చెన్నారెడ్డి ఇందుకు ఉదాహరణలు. జర్మను ఇంటిపేరైన బుఖ్‌హోల్ట్స్‌కు బీచ్ చెట్ల వనం అని అర్థం.

తెలుగు ఇంటిపేరు తరచుగా పూర్వికుల ఊరిని తెలుపుతుంది. చెట్టు ఆ ఊరిపేరులోనిది. వేముల అనే ఊళ్ళు ఒకటికి మించి ఉన్నాయి. కడప జిల్లాలో ఆ పేరుతో మండలమే ఉంది. అందువలన ఒకే ఇంటిపేరు గల వారందరినీ ఒకే వంశంవారిగానో, ఒకే కులంవారిగానో భావించడం పొరపాటు.